తొమ్మిది అడ్డం

ఈ వారం గళ్ళన్నీ ఒక్క మాట చుట్టూ తిప్పుదామనుకున్నాను.
రోజూ వాడేది, ఎవరూ పట్టించుకోనిది.
అన్నం కలుపుతుంటే దొరికింది.
చెయ్యి.
ఎడం చేత్తోనే కరెంటు బిల్లు వెనక
వంకరటింకరగా చతురస్రం గీశాను.

సమాసంలోకి వచ్చేసరికి ఒక్క గడిలో ఒదిగిపోతుంది:
చే.
ఏది తగిలించినా పట్టుకుంటుంది.

ఒకటి నిలువు: చెయ్యి తీసేస్తే నాయకుడు. మూడు.
చేనేత.
రాసి నాలో నేనే నవ్వుకున్నాను.
నాలుగు అడ్డం: చెయ్యి ఉన్నట్టే ఉంటుంది, ఉండదు. నాలుక్కి తెలుసు. రెండు.
చేదు.
బోల్తా కొట్టించడానికి ఒకటైనా ఉండాలి కదా.
ఆరు నిలువు: ముఖం తుడిచే గుడ్డ. నాలుగు.
చే, రు, మా, లు.

ఇక్కడ పెన్ను ఆగింది.
ఆ గుడ్డ నా చేతిలో పెట్టినాయన
దాన్ని దస్తీ అన్నాడు.

పోయిన జూన్. విద్యానగర్‌లో ఎక్కాను, ఫలక్‌నుమా లోకల్.
కాచిగూడలో జనం విరుచుకుపడ్డారు.
మలక్‌పేటలో దిగబోతూ తడుముకుంటే
సంచి అడుగున సన్నగా బ్లేడు గీత,
పర్సు లేదు, ఫోను లేదు,
వెతుక్కునేలోగా బండి కదిలింది.
(పన్నెండు అడ్డం: పరుల జేబులో పనితనం. నాలుగు. చేతివాటం.)

ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి.
ఒళ్ళో పాత గడియారాల డబ్బా, దాని మీద మడిచిన వారపత్రిక.
నా గళ్ళే.
పెన్నుతో నింపుతున్నాడు, ఒక్క కొట్టివేత లేకుండా.
"పరేషాన్ గాకమ్మా" అని ముందు దస్తీ ఇచ్చాడు,
తర్వాత రెండు వంద నోట్లు.
అడ్రసు చెప్పండి, కావాలంటే సంతకం పెడతానన్నాను.
"దస్తఖత్ ఎందుకు? ఇది దస్త్‌గర్దాన్.
కాయితం ఉండదు.
చెయ్యి నుంచి చెయ్యికి తిరుగుతుంటది, అంతే."
యాకుత్‌పురాలో దిగిపోయాడు.
ఆ గళ్ళు కట్టింది నేనేనని చెప్పలేదు.
ఏడుపు ముఖంతో చెప్పుకునే గొప్ప కాదది.

ఇంటికొచ్చి నిఘంటువు దించాను.
దస్త్ అంటే చెయ్యి.
దస్తీ, చేరుమాలు.
దస్తఖత్, చేవ్రాలు.
దస్త్‌గర్దాన్, చేబదులు.
పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో మాటలతోనే బతుకుతున్నాను.
అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో రెండు భాషలు
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని రోడ్డు దాటుతుంటే
పక్కనే నిలబడి చూడలేదు.

నాలుగు మంగళవారాలు అదే బండి ఎక్కాను.
రెండు వందలూ కవరులో, కవరు చేతిలో.
యాకుత్‌పురా గల్లీల్లో గడియారాలు బాగుచేసే కొట్లన్నీ అడిగాను.
తెలుగు గళ్ళు నింపే సాబా? అని
ఒక కుర్రాడు నవ్వి, నా వాచీకి బ్యాటరీ మార్చి పంపాడు.

అందుకే తొమ్మిది అడ్డం ఆయనకే రాశాను.
"లోకల్ బండిలో, కాయితం లేకుండా పుచ్చుకున్నది.
చెయ్యి తీసేస్తే జవాబు. నాలుగు."
ఎడిటర్ వేదాంతం అనంతశయనం ఫోన్ చేసి
లోకల్ బండి ఎందుకండీ, కొట్టేద్దామా అన్నాడు.
ఉంచమన్నాను.
తొమ్మిది నిలువు తేలిగ్గానే ఇచ్చాను: ఆసరా. మూడు. చేయూత.

పన్నెండు రోజులకి నూట నలభై మూడు కవర్లు.
ఒకటి పెన్నుతో, కొట్టివేత లేకుండా.
పేరు లేదు. చేవ్రాలు లేదు.
తపాలా ముద్ర సగమే పడింది.
అన్నీ ఒప్పులే, చేదుతో సహా.
తొమ్మిది నిలువు పైనుంచి కిందికి నిండుగా ఉంది.
తొమ్మిది అడ్డంలో మాత్రం
ఆ నిలువు పుణ్యమా అని పడ్డ ఒక్క చే,
పక్కన మూడు గళ్ళు తెల్లగా.

నిబంధన ప్రకారం తప్పుల దొంతరలోకి వెళ్ళాలి.
పెట్టాను.
సాయంత్రం దీపం వేసి, మళ్ళీ తీసి చూశాను.